వెదురుపొదలో చిక్కిన కొమ్ములు

పరుగు పందెంలో ఆడపిల్ల నిలబడితే నవ్వావు. నల్లపిల్ల నిలబడితే వెక్కిరించావు. సిగ్గు లేదూ? ఇక నోరు మూసుకుని ఈ కథ విను.

పాలవాగు అడవిలో చుక్కల దుప్పులు, మనుబోతులు ఉండేవి. ఎండాకాలం వాగు ఎండిపోయి ఒక్క మడుగే మిగిలేది. అందుకని అవి పరుగు పందెం పెట్టుకునేవి. గెలిచిన మంద ఆ వేసవంతా ముందు తాగుతుంది. ఓడిన మందకు దక్కేది బురద.

దుప్పుల పెద్ద కొమ్మురాజు. తన కొమ్ములంటే అతనికి మహా గర్వం. ఆ మందలోనే కాటుక అనే ఆడదుప్పి ఉండేది. ఒంటిమీద ఒక్క చుక్కయినా లేకుండా నల్లగా పుట్టింది. పరుగులో మాత్రం దానికి సాటి లేదు.

ఒక ఏడు పందెం ముందు కాటుక తల వంచుకుని కొమ్మురాజు దగ్గరికి వచ్చింది.

"పెదనాన్నా, దారిలో వెదురు బాగా వంగిపోయింది. కొమ్ములున్నవాళ్లు చిక్కుకుంటారు. నన్ను పంపండి."

"ఆడదానివి. పైగా కాలిన మోడులా ఉన్నావు. నువ్వు ముందు నిలబడితే మందకే తలవంపులు," అన్నాడు కొమ్మురాజు.

"ఇది గెలిస్తే మన గెలుపుకీ మసి అంటుకుంటుంది!" అని మగదుప్పులు పకపకా నవ్వాయి.

కొమ్మురాజు తన కొడుకు చిగురును పంపాడు. అతని కొమ్ములు అప్పుడే నిండుగా ఎదిగాయి.

"తమ్ముడూ, వెదురు దగ్గర మెల్లగా వెళ్లు," అంది కాటుక.

"మెల్లగా వెళ్లేవాడు నా కొడుకు కాడు!" అని తండ్రి గద్దించాడు.

చిగురు వేగం తగ్గించలేదు. వెదురుపొదలోంచి ఒక్క అరుపు వినిపించింది. అందరికన్నా ముందు కదిలింది కాటుకే. పందెంలో ముందున్న మనుబోతును సైతం దాటిపోయి పొద చేరుకుంది. చిగురు కొమ్ములు వెదుళ్లలో ఇరుక్కున్నాయి. మెడ విరిగింది.

"అక్కా, నాన్నకు కోపం వచ్చిందా?" అన్నాడు చిగురు. అదే ఆఖరి మాట.

ఆ వేసవి దుప్పులు బురద తాగాయి. తాగలేని ముసలివి రాలిపోయాయి.

మరుసటి ఏడు మంద కొమ్మురాజును అడగలేదు. కాటుకను పంపింది. కాటుక గెలిచింది.

"పెదనాన్నా, ముందు మీరు తాగండి," అంది.

కొమ్మురాజు తేటనీళ్ల మీదికి వంగాడు. నీళ్లలో కొమ్ములు కనబడ్డాయి. ఒక్క గుక్క కూడా గొంతు దిగలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. బతికినన్నాళ్లూ అందరూ తాగి వెళ్లాక వచ్చి, ఆ బురదే తాగాడు.

నీతి: పందెంలో పరుగును చూడాలి. ఆడా మగా అని, నలుపూ తెలుపూ అని చూసేవాడు గెలుపునే కాదు, తనవాళ్లనూ పోగొట్టుకుంటాడు.