పున్నమ్మ అరుపు

ఆదెమ్మ కొట్టంలో ఒకప్పుడు పది గుంజలకు పది ఆవులుండేవి. ఏది ఎదకొచ్చినా జత కోసం పైకప్పు లేచిపోయేలా అరిచేది. ఇప్పుడు మిగిలింది ముగ్గురే: ముసలి ఒంగోలు ఆవు పున్నమ్మ, నల్లమచ్చల సీమావు రాణి, గడ్డం పెంచిన మేక గడ్డప్ప.

పున్నమ్మకు ఆ అరుపులంటే ప్రాణం. అవి వినబడిన కాలంలో కొట్టం నిండా దూడలు గెంతేవి. ఇప్పటి నిశ్శబ్దం ఆమెకు మేత సహించనివ్వని దిగులు.

రాణి తొలి ఈతలో బిందెలు నింపింది. ఆ తర్వాత చూలు కట్టలేదు. పాలు చెంబుకు దిగాయి, మేత మాత్రం తగ్గలేదు. "శనివారం సంతకు తోలేస్తా" అంది ఆదెమ్మ. గొడ్డుపోయిన ఆవును సంతలో ఎవరు కొంటారో పున్నమ్మకు తెలుసు.

"ఏమే రాణీ, నీకు ఎదే రాదా?"

"ఎందుకు రాదు పెద్దమ్మా? పొద్దుటి నుంచీ ఒళ్ళు ఒక చోట నిలవడం లేదు."

"మరి అరవవేం? అడగందే అమ్మైనా పెట్టదు. నువ్వు నోరిప్పకపోతే ఆదెమ్మ చూలు సూది వేసే డాక్టర్ని ఎలా పిలుస్తుంది?"

"అరవడం నాటావుల మోటుతనమట. గడ్డప్ప మావ చెప్పాడు."

గడ్డప్ప అప్పుడే రాణి దాణా తొట్టిలోంచి మూతి తీసి, గడ్డానికంటిన తవుడు దులుపుకున్నాడు. "అవునమ్మాయ్! పెద్దింటివాళ్ళు గుట్టుగా ఉండాలి" అంటూ మళ్ళీ తొట్టిలోకి వంగాడు.

పున్నమ్మకు సంగతంతా వెలిగింది. అరుపు వింటే ఆదెమ్మ వస్తుంది. వస్తే తొట్టిలో ఈ గడ్డం దొరికిపోతుంది.

"ఓరి నీ గడ్డం తగలెయ్యా! అరవ్వే రాణీ, సంత రేపే!"

"గొంతు లేవడం లేదు పెద్దమ్మా, సిగ్గేస్తోంది."

"అయితే నేనే అరుస్తా."

పున్నమ్మ మెడ సాచి కళ్ళు మూసుకుంది. పది గుంజల కాలం కళ్ళ ముందు కదిలింది. ఆ కాలపు గొంతుతోనే అరిచింది.

ఆదెమ్మ చేతిలో చేటతోనే పరుగెత్తుకొచ్చింది. "ఈ వయసులో నీకిదేం పోయేకాలమే!" అంటూనే తొట్టిలోని మేకను చూసి వీపు మీద చేటతో ఒక్కటిచ్చింది. పున్నమ్మ రాణి డొక్కను మూతితో నెట్టింది. రాణి తోక కింద ఎదకొచ్చినప్పటి జిగురు తీగలు కనబడగానే ఆదెమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో నా తల్లీ, మూగ ఎదా నీది? నోరులేని దాన్ని కటికవాడి పాలు చెయ్యబోయానే!"

డాక్టరు వచ్చాడు. "ఈసారి ఒంగోలు సూది వెయ్యండి బాబూ. బిందెలు నిండకపోయినా ఫర్వాలేదు, ఏటేటా ఈనితే ఇల్లు నిలబడుద్ది" అంది ఆదెమ్మ.

రాణి పెయ్యను ఈనింది. మచ్చలు తల్లివి, బుల్లి మూపురం పున్నమ్మ జాతిది. అది పెద్దదై, తల్లిలా బిందెలు నింపకపోయినా, చెంబుతో ఆగలేదు. ఏటా ఈనింది.

అది తొలిసారి ఎదకొచ్చిన రోజు మాత్రం పున్నమ్మ మరచిపోలేదు. ఆ పెయ్య పైకప్పు లేచిపోయేలా అరిచింది. ముసలిదాని కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మూలన గడ్డప్ప "ఎంత మోటు..." అనబోయాడు గానీ, మూతికి ఆదెమ్మ కట్టిన చిక్కంలోంచి మాట పెగల్లేదు.

నోరు మూసుకోమనే వాడి మూతి ఎవరి తొట్టిలో ఉందో ముందు చూసుకోవాలి.