పేరు తెరుచుకోని సాయంత్రం

కృపారావు మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వేసుకుంటారు. జవాబు వీధిలో ఎక్కడో ఉన్నట్టు, అడిగినవాళ్లను వెంటపెట్టుకుని బయల్దేరతారు. ఏలూరులో సైకిల్ షాపు మీది గదిలో ఆయన వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్పుతారు. తొందరలో ఉన్న శిష్యులకు ఈ అలవాటు ఒళ్లు మండిస్తుంది. తొందర లేని శిష్యులు ఆయనకు ఇంతవరకూ దొరకలేదు.

ఆ రోజు తొందరంతా సత్యవేణిది. ఆమె అక్క అనసూయ కూతురు పండుకి తలసీమియా. ఆ పిల్ల బతకాలంటే ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు రక్తం ఇస్తూ ఉండాలి. ఈసారి ఆ గ్రూపు రక్తం దొరకడం గగనమైపోయింది. అలాంటి పిల్లల తల్లిదండ్రులంతా కలిసి ఆదివారం రక్తదాన శిబిరం పెట్టుకున్నారు. వచ్చేవాళ్లు ముందుగా పేరు చెప్పుకోవడానికి సత్యవేణి ఒక సైటు తయారుచేసింది. సర్వర్ వాళ్లిచ్చిన పొడుగాటి చిరునామా నోరు తిరగనిది. అందుకని ఎవరైనా ఒక్కసారి వింటే గుర్తుండేలా సొంత పేరొకటి కొన్నది. సాయంత్రం మైకు కట్టిన ఆటో ఆ పేరే చాటుతూ ఊరంతా తిరగబోతోంది.

ఆ పేరు కొడితే సైటు తెరుచుకోవడం లేదు.

పేరు అమ్మినవాళ్ల పేజీలో సర్వర్ నంబరు రాయాలి. రాసిన సంగతి అన్ని నెట్‌వర్కులకూ తెలియడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. అంతవరకూ ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా కనిపిస్తుంది. ఇది మాస్టారి మొదటి పాఠం, సత్యవేణికి కంఠతా వచ్చు. పొద్దున ఆమె నంబరు సరిగ్గానే రాసింది. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసి, "వచ్చిందే! పండు ఫొటో కూడా కనిపిస్తోంది," అని సంబరపడింది. కానీ సత్యవేణి ఫోన్‌లో "ఈ పేరు అమ్మకానికి ఉంది" అనే పాత పేజీయే వచ్చింది. ఆమె తన ఫోన్‌నే నమ్మింది. రాసింది చెరిపేసి ఇంకోలా రాసింది. కాసేపటికి అక్క ఫోన్‌లోనూ పోయింది. ఇక కాళ్లూ చేతులూ ఆడక, ఆ నంబరు రాసి ఉండే రికార్డులన్నీ వేరే కంపెనీకి మార్చి, మళ్లీ మొదటి చోటికే తెచ్చింది.

"మాస్టారూ, ఒకరికి తెరుచుకుంటోంది, ఒకరికి లేదు. ఆటో బయల్దేరే వేళయింది. నన్నేం చెయ్యమంటారు? చేతులు కట్టుకుని కూర్చోమంటారా?" అంది.

మాస్టారు లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని నంబరును అంకె అంకే సరిచూశారు. "ఇప్పుడు సరిగ్గానే ఉంది," అని మూత వేసి, చెప్పుల కోసం వెతుక్కున్నారు. అంతలో ఆయన ఫోన్ మోగింది. కాలువ అవతల ఉండే అక్క దీనమ్మ.

"ఒరేయ్ తమ్ముడూ, మా ఇంటి కూడికకి ఒక్కరంటే ఒక్కరు రాలేదురా! పాస్టరు గారు కూడా రాలేదు!"

కూడిక అంటే సంఘంలోని కుటుంబాలు వంతులవారీగా ఇళ్లలో పెట్టుకునే ప్రార్థన. ఆ వారం వంతు దీనమ్మది. "పదమ్మా," అని మాస్టారు గదికి తాళం వేశారు. పసిపిల్ల ప్రాణం మీదికి వస్తే ఈయన ప్రార్థనకి పోతున్నాడేమిటని సత్యవేణికి కోపం వచ్చింది. అయినా వెంట నడిచింది. ఫోన్ మాత్రం గుప్పిట్లోంచి వదల్లేదు.

దీనమ్మ వీధి మొదట్లోనే చంకలో బైబిళ్లతో ఆడవాళ్లు గుంపుగా కనిపించారు. "రాజామణి ఇంట్లో అన్నారుగా?" అని ఒకామె, "కాదంట, కమ్యూనిటీ హాల్లోనంట," అని ఇంకొకామె. వాళ్లలో వాళ్లు అడుగుతున్నారే గాని ఎవరికీ నమ్మకంగా తెలియదు. గేటు దగ్గర దీనమ్మ చెవికి ఫోన్ పెట్టుకుని చెమటలు కక్కుతోంది. పక్కింట్లో బోరు వేస్తుంటే ఆ మోతకు భయపడి, కూడిక రాజామణి ఇంట్లో అని అందరికీ ఫోన్ చేసిందట. అక్కడికింకా ఎవరూ చేరలేదని విని హాలుకి రమ్మంది. ఈలోగా బోరు ఆగింది. మళ్లీ తన ఇంటికే రమ్మంది. ఇప్పుడు మళ్లీ రాజామణి ఇల్లే నయమని నంబరు నొక్కుతోంది.

మాస్టారు ఆ ఫోన్ తీసి తన జేబులో వేసుకున్నారు. "కూడిక ఎక్కడ?"

"మా ఇంట్లోనే."

"అయితే లైటేసి, గేటు తీసి కూర్చో."

దీనమ్మ కూర్చుంది గాని కుదురుగా లేదు. సత్యవేణి అంతకన్నా అధ్వాన్నంగా ఉంది. చాలాసేపు ఎవరూ రాలేదు. తర్వాత వీధి మొదట్లోని ఆడవాళ్లు లైటు చూసి వచ్చారు. హాలు దాకా వెళ్లినవాళ్లు విసుక్కుంటూ వచ్చారు. పాస్టరు గారు చెమట తుడుచుకుంటూ వచ్చి పాట అందుకున్నారు. అందరికన్నా చివర యోహాను తాత కర్ర ఊతంతో గేటు దాటి, అరుగు మీద కూలబడ్డాడు.

"ఇంత ఆలస్యమైందేం తాతా?" అంది దీనమ్మ.

"నేను బయల్దేరింది మీ ఇంటికేనమ్మా. వంతెన దిగానో లేదో ఫోన్ చేశావు. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశానో లేదో మళ్లీ చేశావు. దగ్గరికొచ్చినప్పుడల్లా నువ్వే కదమ్మా నన్ను వెనక్కి పంపింది?"

దీనమ్మ తల వంచుకుంది. సత్యవేణికి మధ్యాహ్నం అక్క గొంతులోని సంబరం గుర్తొచ్చింది. పండు ఫొటో తెరుచుకున్న ఆ ఒక్క ఫోన్‌నీ తన చేత్తో తనే మూసింది.

అప్పుడే కాలువ గట్టు మీద మైకు వినిపించింది. ఆటో ఆమె కొన్న పేరును ఊరికి చాటుతోంది. పాడుతున్నవాళ్లలో ఒకరిద్దరు అటు తల తిప్పి విన్నారు. సత్యవేణి ఫోన్ తీసి చూసింది. పాత పేజీయే. ఆమె వేలు తనకు తెలియకుండానే రికార్డులు మార్చే పేజీ తెరిచి, నంబరు మీదికి వెళ్లి ఆగింది.

మాస్టారు చాప మీద జరిగి ఆమెకు చోటిచ్చారు.

"పిలవడం అయింది కదమ్మా," అన్నారు. "ఇక ఇంట్లో ఉండు."