మండెమ్మలంకలో అమ్మవారు పొగాకు కుప్పలో వెలసిన వైనం

“మండె విప్పుతున్నారహో... చేతులు కడుక్కుని రండహో...”

చైత్రమాసంలో పొద్దున్నే రేవు దాటి మండెమ్మలంకలో దిగిన భక్తులకు మొదట వినబడేది ఈ కేకే. వీధి ఆ చివర కేక లేస్తే, ఈ చివర ఆడవాళ్ళు చేతిలో పని వదిలి బయటికొస్తారు. గోదావరి రెండు పాయల నడుమ ఉన్న ఈ లంకలో అమ్మవారికి ముందు చుట్ట, కొబ్బరికాయ ఆ తరవాతి మాట. కొత్తగా వచ్చినవారు నవ్వుతారు. నవ్వనివ్వండి, కథ విన్నాక వాళ్ళే దణ్ణం పెడతారు.

ముందు ఆకు సంగతి చెప్పాలి. వరద తెచ్చిన ఒండ్రులో పెరిగిన లంక పొగాకును కోసి, ఎండగట్టి, కుప్పగా పేర్చి, పైన గడ్డి కప్పి మాగబెడతారు. ఆ కుప్పే మండె. లోపల పుట్టిన వేడికి ఆకులో కారం తగ్గి, బెల్లప్పాకం వాసన పడుతుంది. సముద్రాల అవతల నికరాగ్వా దేశంలో కూడా పేరుపడ్డ చుట్టలకు ఆకును ఇలాగే కుప్పవేసి మాగబెడతారట. ఓడలో పనిచేసిన మా బావమరిది అక్కడి చుట్ట ఒకటి తెచ్చాడు. మిరియం ఘాటు, వెనకాల కాస్త తీపి. బాగుంది, కాదనను. అయితే కుప్పను ఎప్పుడు తిరగెయ్యాలో మాకు చెప్పింది సాక్షాత్తు అమ్మవారు.

పూర్వం ఇక్కడ పన్నెండు గడపలుండేవి. వరసగా మూడేళ్ళు వరద పంటను ఊడ్చుకుపోయింది. నాలుగో ఏడు ఆకు చేతికొచ్చింది. ఇదీ చెడితే లంక విడిచి గట్టుకు పోవడమేనని అందరూ మూటలు కట్టుకుని ఉన్నారు. పన్నెండిళ్ళ ఆకూ ఒకే మండెగా వేసి, పెద్దరైతు గున్నయ్యకు అప్పగించారు. గున్నయ్య గట్టివాడే. కాని వారం తిరిగేదాకా మండె తాకరాదని తండ్రి చెప్పిన లెక్కనే పట్టుకుని, ఆ ఏడు ఆకు పూర్తిగా ఆరకముందే పేర్చామన్న మాట మరిచాడు.

అతని అన్న భార్య లోవమ్మ చుట్టలు చుట్టడంలో దిట్ట. నాలుగోనాటి మధ్యాహ్నం ఆమె మండెకు చేరబడి కునుకు తీస్తుండగా, పసుపు ముఖం నిండా చెమటతో ఒక ముత్తైదువ కలలో కనబడి, “లోపల ఉడికిపోతున్నానే. కప్పు తియ్యి. కిందిది పైకి, పైది కిందికి వెయ్యి” అంది.

లోవమ్మ లేచి ఆ మాట మరిదికి చెప్పింది.

“నీకే కనబడిందా వదినా? మా అరుగు దారి తెలీదా ఆవిడకి?” అన్నాడు గున్నయ్య.

“తెలుసు మరిదీ. వచ్చిందట, నీ గురక విని మళ్ళిపోయింది.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడంతో గున్నయ్యకు పౌరుషం వచ్చింది. లెక్క తప్పేది లేదన్నాడు. లోవమ్మ మండె పక్కనే కూర్చుని, విప్పేదాకా మెతుకు ముట్టనంది. మర్నాడూ ముట్టలేదు. ఆ మర్నాడు పొద్దున గున్నయ్య అటు వస్తే, “నా మాట నమ్మొద్దులే. చెయ్యి పెట్టి చూడు, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు” అంది.

గున్నయ్య మోచేతిదాకా చెయ్యి దూర్చి, చురుక్కుమంటే లాక్కున్నాడు. తనే వీధిలోకి పోయి అందరినీ కేకేశాడు.

విప్పి చూస్తే నడిమధ్యన రెండు మోపుల ఆకు బొగ్గయింది. దాని కింద నేలలోంచి చేటంత నల్లరాయి ఒకటి పైకి తేలి, ఒళ్ళంతా చెమర్చి ఉంది. ఆమే మండెమ్మ. మిగిలిన ఆకు చింతగింజ రంగు తిరిగింది. లోవమ్మ ఒక ఆకు ఏరి, ఈనె తీసి, చుట్ట చుట్టి, మా ఆడవాళ్ళ పద్ధతిలో నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంది. పన్నెండిళ్ళ వాళ్ళూ ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డారు.

పొగ వదిలి, “తియ్యగా ఉంది. మూటలు విప్పుకోండర్రా” అంది.

నేటికీ గుడికి తలుపుల్లేవు, అమ్మకు ఉక్కపోత పడదు. రాయి పొద్దువాలినా వెచ్చగానే ఉంటుంది, నేను తాకి చూశాను. పంతాలకు పోయి విడిపోయినవాళ్ళు ఇక్కడ మండెలో చెయ్యి పెట్టి మొక్కుకుంటే ఏడాది తిరగకుండా కలుస్తారు. మండె విప్పిన రోజున లంకలో అందరికన్నా పెద్ద ముత్తవ్వ తొలి చుట్ట రుచి చెబుతుంది. అప్పుడు గున్నయ్య వంశం మగవాళ్ళే విస్తరి వేసి ఆమెకు వడ్డిస్తారు. ఆనాడు గున్నయ్య వదినకు అలాగే వడ్డించాడు మరి. ముత్తవ్వ తొలిముద్ద నోట పెట్టుకున్నాక, వడ్డించినవాళ్ళూ, మొక్కు తీర్చుకోవచ్చినవాళ్ళూ, మిమ్మల్ని రేవు దాటించిన పడవవాడూ వీధి పొడుగునా ఒకే పంక్తిలో భోజనానికి కూర్చుంటారు.