వీపు సాక్ష్యం

విత్తనాలు వేసే అదనులో వెట్టికి రాలేమన్న రైతులను దొర పశువుల కొట్టంలో పెట్టించి తాళం వేయించాడు. దొరకు ఒళ్లు పట్టే ఓబులేసు సొంత అన్న కూడా వాళ్లలో ఉన్నాడు.

"వీపు నిమిరినట్టు చూసుకుంటుంటే, గుద్దుతున్నానని ఏడుస్తార్రా వెధవలు!" బోర్లా పడుకున్న దొర విసుక్కున్నాడు.

నూనె రాసి మెల్లగా నిమురుతున్న ఓబులేసు పిడికిళ్లు బిగించి దబదబా గుద్దాడు.

"చచ్చాన్రా! గుద్దుతావేం?"

"నిమురుతున్నాను దొరా."

"వీపు నాదిరా! నిమిరావో గుద్దావో నాకు తెలీదా?"

"అయితే చెప్పాల్సింది వీపున్నవాళ్లేనన్నమాట. ఆ వీపులన్నీ కొట్టంలోనే ఉన్నాయి దొరా. వాటి మాట చెల్లదంటారా, ఇంకాసేపు నిమురుతాను" అంటూ పిడికిలెత్తాడు.

"ఒరేయ్! ముందా కొట్టం తలుపు తీయండ్రా!" అని అరిచాడు దొర.