చందమామకు చేరని జోలపాట

ఒకప్పుడు, ఒక సాయంత్రం సరిగ్గా ఆరుంబావుకు, చప్పుడు ఏటి ఒడ్డున కాళ్లు కడుక్కుంటున్నాడు. అవును, అప్పట్లో చప్పుడుకు కాళ్లుండేవి.

అక్క వెలుగు పరుగున వచ్చింది.

"తమ్ముడూ, చందమామ కబురు పంపాడు. పుట్టినప్పటినుంచీ కన్ను మూతపడలేదట. నువ్వొచ్చి జోల పాడితే నిద్రపోతాడట."

"జోలా? నేనా? నేను గుసగుసలాడినా గొడ్లు తాళ్లు తెంపుకుంటాయక్కా!" అని నవ్వాడు చప్పుడు. కానీ తన పాట ఒకళ్లు అడగడం అదే మొదటిసారి. వెంటనే బయల్దేరాడు.

నాలుగడుగులకే ఆయాసం వచ్చింది. "నోరు కొండంత, కాళ్లు పుల్లలంత. ఇదీ నా వాటం," అని కూలబడ్డాడు.

అక్కడ పల్లకీ మోసే గాలి బోయీలు వరసగా నిలబడి ఉన్నారు.

"మేం మోస్తాం బాబూ," అన్నాడు పెద్ద బోయీ. "ఎవరి చోటు వాళ్లం వదలం. ఒక భుజం మీంచి ఇంకో భుజానికి అందిస్తాం. ఆ కాళ్లు మాత్రం మాకు తగులుతాయి, విప్పేసి రా."

చప్పుడు కాళ్లు విప్పి, చెప్పుల్లా ఒడ్డున పెట్టి, భుజాలెక్కాడు.

"నువ్వూ ఎక్కక్కా, హాయిగా ఉంది!"

"నాకు మోసేవాళ్లెందుకురా?" అంటూ వెలుగు పక్కనుంచి దూసుకుపోయింది.

"నేనొస్తున్నా! చందమామ పిలిచాడు!" అని చప్పుడు దారంతా ఉరుముతూనే ఉన్నాడు.

పైకి పోయేకొద్దీ బోయీలు పలచబడ్డారు. ఒకచోట వరస ఆగిపోయింది. అక్కడ వెలుగు ఎదురుచూస్తోంది.

"దిగు బాబూ," అన్నాడు చివరి బోయీ. "ఇదే చివరి భుజం. అవతలంతా ఖాళీ."

"నడిచి పోతాలే," అన్నాడు చప్పుడు. తర్వాత కిందికి చూసుకున్నాడు.

కాళ్ల కోసం మళ్లీ భుజాల మీదే వెనక్కి వచ్చాడు. వెలుగూ వచ్చింది. ఒడ్డున కాళ్లు లేవు. చప్పుడు ఉరిమిన ఉరుములకు వాన కురిసి, ఏరు పొంగి, కొట్టుకుపోయాయి.

"శభాష్," అన్నాడు చప్పుడు. "నా కాళ్లను నేనే కేక పెట్టి మరీ వరదకిచ్చాను. అక్కా, నువ్వు వెళ్లు."

"నాకు పాట రాదురా."

"చందమామకు తోడన్నా ఉండు."

అప్పటినుంచే చప్పుడు మోసేవాళ్లు లేనిదే కదలలేడు. గాలి మోస్తుంది, నీళ్లు ఇంకా చురుగ్గా మోస్తాయి, ఇనుము మరీను. మోసేవాళ్లు లేనిచోట నోరు మూసుకుంటాడు. వెలుగూ, ఆమె చెల్లెళ్లు రేడియో తరంగాలూ ఆ ఖాళీలో ఎవరి సాయమూ లేకుండా పోతారు. మెరుపు కనిపించాక గానీ ఉరుము వినిపించదు. భుజాలు మారుతూ రావాలి కదా.

కొన్నాళ్లకు వెలుగు తిరిగొచ్చి ఒక సంగతి చెప్పింది. పాట మొదలవుతుందేమోనని చందమామ రోజూ కొంచెం కొంచెంగా కన్ను మూస్తున్నాడట. ఏమీ వినబడక, మళ్లీ కొంచెం కొంచెంగా తెరుస్తున్నాడట.