ఎదురీదిన పసుపు దారం

అనగనగా ఒక లంకలో, గోదారి సముద్రంలో కలిసే చోట, నూకరత్నమని ఒక కొత్త పెళ్ళికూతురు ఉండేదిరా బుజ్జీ. ఆమె మొగుడు గంగులు. పెళ్ళైన నెలకే అతను వెదురు కొట్టడానికి ఎగువ కొండల్లోకి బయల్దేరాడు.

వెళ్తూ వెళ్తూ, రోజూ పొద్దున్నే ఒక ఆకుదొప్ప నీళ్ళలో వదులుతానని చెప్పాడు. "మరి నా కబురో?" అంది రత్నం. గోదారి వెనక్కి పారదు కదా మరి. "నువ్వు బాగుంటావని నాకు తెలుసులే" అని నవ్వేసి వెళ్ళిపోయాడు. అదిగో, అక్కడే తప్పు చేశాడు.

మొదట్లో దొప్పల్లో అడవిపూలు వచ్చాయి. ఆ తర్వాత నెమలీకలు వచ్చాయి. ఆ తర్వాత ఏమొచ్చిందనుకున్నావు? ఉత్త దొప్ప. జవాబు రాకపోతే మనిషి ఎన్నాళ్ళని మాట్లాడతాడు? రేపు ఈ ఉత్త దొప్ప కూడా రాకపోతే మొగుడు తనని మరిచిపోయినట్టేనని రత్నం రేవులో కూర్చుని ఏడ్చింది.

అప్పుడు గోదారికి ఎర్రనీరు వచ్చింది. ఆ నీటి వాసనకి సముద్రంలోంచి పులస చేపలు ఎగువకి బయల్దేరాయి. ఆ లంకలో మొదటి పులస కొత్తకోడలిదే. వలవాళ్ళు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. అదింకా కొట్టుకుంటూనే ఉంది. అత్తగారు అప్పటికే మసాలా నూరేసింది కూడానూ.

గోదారికి ఎదురెళ్ళేది ఇదే కదా అనుకుంది రత్నం. పెళ్ళిలో గంగులు తన చేతికి కట్టిన పసుపు కంకణం దాచుకుంది కదా, అది తెచ్చి చేప తోకకి కట్టి నీళ్ళలో వదిలేసింది. అత్తగారు సణుక్కుంటూ ఆ మసాలా వంకాయలో వేసింది.

అప్పుడా చేప ఏం చేసిందో తెలుసా? వలల మీంచి దూకింది. సుడిగుండాలు దాటింది. కొండల మధ్య ఏనుగునైనా తోసేసే నీటిని చీల్చుకుంటూ పోయింది. అంత చిన్న ప్రాణం, అంత పెద్ద గోదారి! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఎగువన గంగులు ఆ పొద్దున దొప్ప కుట్టలేదు. ఎవరికోసంలే అని ఒడ్డున కూర్చున్నాడు. అతని ఎదుటే నీళ్ళలోంచి చేప పైకెగిరింది. దాని తోకకి తను కట్టిన కంకణం. ఇన్నాళ్ళూ రత్నం కూడా మాట్లాడాలనే చూస్తోందని, తనే ఒక్కసారీ అడగలేదని అప్పుడు తెలిసింది అతనికి.

ఆ తర్వాత దొప్పలు మళ్ళీ నిండుగా వచ్చాయి. వాటి వెనకే ఒకనాడు వెదురు తెప్ప మీద గంగులు దిగాడు. రేవులో కాలు పెడుతూనే, "ఈసారి ముందు నువ్వు చెప్పు రత్నం, నేను వింటాను" అన్నాడు.

రత్నం పొద్దు వాలేదాకా చెప్పింది. గోదారి కూడా చప్పుడు ఆపుకుని విందట.

మరుసటి ఏడాది కొండలకి వెళ్ళేటప్పుడు గంగులు ఏం చేశాడనుకున్నావు? పసుపు దారపు ఉండ ఒకటి ఆమె చేతిలో పెట్టి వెళ్ళాడు.

దొప్పేమో దిగువకి,
పులసేమో ఎగువకి,
కథేమో కంచికి,
నా బుజ్జేమో నిద్దరకి.