మూడో బండ మీద కోరయ్య

జీలుగు వాగు ఎండిపోయాక ఆ అడవిలో పచ్చగా మిగిలేది ఊటబయలు ఒక్కటే. కొండ అడుగున రాళ్ల సందుల్లోంచి ఎప్పుడూ నీళ్లు ఊరుతుంటాయి కాబట్టి నడివేసవిలో కూడా అక్కడ గడ్డి మోకాలెత్తున ఉంటుంది. మిగతా చోట్ల మేత కావాలంటే కనుమ ఎక్కి అవతలి ఏటి ఒడ్డుకు పోవాలి. ఆ దారి మంచిది కాదు. పైకి పోయేకొద్దీ జారుడు బండలు, ఒక మలుపు దగ్గరైతే పక్కనే లోయ. అందుకని అడవికి పెద్ద అయిన పెద్దదున్న ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టాడు. ఒంట్లో లోపం ఉండి కనుమ దాటలేనివాళ్లకే ఊటబయలు. కాళ్లూ కళ్లూ సరిగ్గా ఉన్నవాళ్లు అటు తొంగి చూడకూడదు.

ఎవరు దాటలేరో తేల్చే పని గుంటయ్య అనే నక్కకి అప్పగించారు. గుంటయ్య ఆ పని శ్రద్ధగానే చేసేవాడు. బయలు ముందర కూర్చుని, వచ్చినవాళ్లని ఎగాదిగా చూసి ఒకే ప్రశ్న వేసేవాడు.

“ఇక్కడిదాకా ఎట్లా వచ్చావు?”

“నడిచే వచ్చానయ్యా.”

“నడవగలిగినవాడివి కనుమ కూడా నడిచే దాటు.”

అసలు నడవలేక రానివాళ్ల సంగతి ఇంకా తేలిక. రాలేదు కాబట్టి వాళ్లకి అవసరం లేదని తేల్చేసేవాడు. ఏటా వేసవిలో ఆ మలుపు దగ్గర ఇద్దరో ముగ్గురో లోయలోకి జారిపోయేవాళ్లు. ఎండకి కళ్లు తిరిగి ఉంటాయిలే అనుకునేవాళ్లు జనం.

చివరికి ఊటబయలు దక్కనివాళ్ల గొణుగుళ్లు పెద్దదున్న చెవిన పడ్డాయి. ఆయన గుంటయ్యని పిలిపించాడు.

“నువ్వు కాదంటే ఇక దిక్కు లేదన్నట్టుంది వ్యవహారం. అది బాగాలేదు. నువ్వు కాదన్నవాళ్లు అప్పీలు చేసుకోవడానికి ముగ్గుర్ని కూర్చోబెడదాం. ఒకరికి కట్టుబాట్లు తెలియాలి. ఒకరికి వైద్యం తెలియాలి. మూడోవాళ్లు మాత్రం లోపంతో బతుకుతున్నవాళ్లే కావాలి. ఆ బాధ తెలిసినవాళ్లు ఒక్కరైనా లేకపోతే అదేం న్యాయం?”

“చాలా మంచి ఆలోచన పెద్దయ్యా” అన్నాడు గుంటయ్య.

మొదటి ఇద్దరూ అక్కడికక్కడే తేలిపోయారు. కట్టుబాట్లన్నీ నోటికి వచ్చిన తాబేటి తాత ఒకరు. వేర్లూ పసర్లూ తెలిసిన ఎలుగు వైద్యుడు మరొకరు. ఈ వైద్యుడికి తిండి మీద, నిద్ర మీద ఉన్న శ్రద్ధ రోగుల మీద ఉండేది కాదు.

“మూడోవాణ్ణి నువ్వే చూడు. లోపం ఉన్నవాళ్లంతా నీకు తెలిసినవాళ్లే కదా” అన్నాడు పెద్దదున్న. గుంటయ్య తల ఊపి, నేరుగా కోరయ్య ఉండే పొదకి బయల్దేరాడు.

కోరయ్య అడవిపంది. కొన్నేళ్ల కిందట వేటగాళ్ల ఉచ్చులో పడి, దాన్ని తెంపుకుని బయటపడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడి ముంగాలు వంకరగా అతుక్కుంది. ఆ కాలు నొప్పి అని అతను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఊటబయలు ఛాయలకి పోలేదు. వేసవిలో అందరూ లేవకముందే కనుమకి బయల్దేరేవాడు. ఎందుకని అడిగితే, గుంపుతో నడవడం చిరాకు అనేవాడు. వానాకాలంలో ఆ కాలు మోపి నేల తవ్వడం కష్టమయ్యేది. చెల్లెలు గరికమ్మ దుంపలు తెచ్చి పొద ముందు పడేసి, “నాకు ఎక్కువయ్యాయి అన్నా” అనేది. ఎక్కువై తెచ్చిందనే నమ్మినట్టు తినేవాడు.

గుంటయ్య వచ్చేసరికి కోరయ్య బురదలో పొర్లుతున్నాడు.

“నేను ఊటబయలు అడగలేదే” అన్నాడు తల ఎత్తకుండానే.

“అడగలేదు కాబట్టే వచ్చాను. నా దగ్గరికి రోజూ ఎంతమంది వస్తారో తెలుసా? ఒకడికి మోకాలు, ఒకడికి నడుము, ఒకడికి చూపు. నిన్ను చూస్తే వాళ్లకి సిగ్గెయ్యాలి. నీ అంత దెబ్బ తిన్నవాడు ఈ అడవిలో ఎవడున్నాడు? నువ్వు ఎవర్నైనా ఏమైనా అడిగావా?”

“అడగలేదు.”

“అలాంటివాడు తీర్పు చెప్పే చోట ఉండాలి. దొంగ కుంటి నడక ఏదో, అసలు కుంటి నడక ఏదో నీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? పెద్దదున్నకి నీ పేరే చెబుదామనుకుంటున్నాను.”

కాలు పోయాక కోరయ్యని ఎవరూ దేనికీ పిలవలేదు. దారి చూడమని గానీ, తగువు తీర్చమని గానీ అడిగినవాళ్లు లేరు. అతను బురదలోంచి లేచి ఒళ్లు దులుపుకున్నాడు.

“చెప్పు. కాదనను” అన్నాడు.

ఆ సంగతి విని గరికమ్మ పొద దగ్గరికి వచ్చింది. “నీ కాలు ఎంత ఇబ్బంది పెడుతుందో అక్కడ చెబుతావా అన్నా?” అని అడిగింది.

“నా కాలికేమైంది?” అన్నాడు కోరయ్య.

ఇప్పచెట్టు కింద మూడు బండలు వేశారు. ఒకదాని మీద తాత, ఒకదాని మీద వైద్యుడు, మూడోదాని మీద కోరయ్య. మూడో బండ ఎవరికి దక్కిందో తెలిసి ఊటబయలు దక్కనివాళ్లంతా సంతోషించారు. మన బాధ తెలిసినవాడు కూర్చున్నాడు అనుకున్నారు.

మొదట ఒక కుందేలు వచ్చింది. దాని వెనక కాలు గద్ద గోళ్లకి చీరుకుపోయింది. కోరయ్య దాని గోడు సగం విని, “నాకూ ఒక కాలు లేనట్టే. మూడు కాళ్ల మీద కనుమ దాటుతున్నాను. నువ్వెందుకు దాటలేవు?” అన్నాడు. వైద్యుడు ఆవులించి, కోరయ్య మాటే తన మాట అన్నాడు. తాత ఒక్కడూ ఒప్పుకోలేదు. ఇద్దరి మాట నెగ్గింది.

ఆ తర్వాత చూపు మందగించిన ముళ్లపంది వచ్చింది. అదే ప్రశ్న, అదే తీర్పు. కీళ్లు వాచిన ముసలి మనుబోతు వచ్చాడు. “అయ్యా, ఎక్కడం ఎలాగో ఎక్కుతాను. దిగేటప్పుడు మోకాళ్లు నిలవవు” అన్నాడు. కోరయ్యకి ఆ దిగడం ఎలా ఉంటుందో బాగా తెలుసు. తెలిసే, ఇంకా గట్టిగా కాదన్నాడు. ఎదుటివాడు ఆ మాట పైకి అంటుంటే తన రహస్యాన్ని ఎవరో నలుగురిలో విప్పుతున్నట్టనిపించింది.

మనుబోతు ఆ వారమే కనుమ మలుపులో లోయలోకి జారిపోయాడు. మర్నాడు కోరయ్య అటుగా పోతుంటే కింద కాకులు అరుస్తున్నాయి. అతను తొంగి చూడలేదు. ఆ రోజు గరికమ్మ తెచ్చిన దుంపలు కూడా ముట్టలేదు.

తర్వాత విచారణకి చుక్కమ్మ వచ్చింది. చుక్కమ్మ దుప్పి. గట్టు మీంచి పడినప్పుడు ఆమె తుంటి కీలు తప్పింది. చూడటానికి మామూలుగానే నిలబడుతుంది, నాలుగడుగులు బాగానే వేస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు, చెప్పకుండా కాలు పట్టు తప్పుతుంది.

“నిన్న ఈవిడ వాగు దగ్గర గెంతుతూ కనిపించింది” అన్నాడు గుంటయ్య.

“గెంతలేదు, నడిచాను” అంది చుక్కమ్మ. “నిన్న బాగుంది కాబట్టి నడిచాను. మొన్న లేవలేకపోయాను. మొన్న నన్ను ఎవరూ చూడలేదు, ఎందుకంటే నేను పొదలోనే పడి ఉన్నాను.”

కోరయ్య గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, నేను మూడు కాళ్ల మీద…”

“ఆ మాట విన్నాను అన్నా. నా గడ్డి సంగతి తర్వాత చూద్దాం. ముందు తాతని ఒకటి అడగాలి.” ఆమె తాబేటి తాత వైపు తిరిగింది. “తాతా, ఈ మూడో బండ ఎవరిది?”

“లోపం ఉండి, దానితో రోజూ ఇబ్బంది పడేవాళ్లది. పెద్దదున్న చెప్పిన మాట అదే.”

“కోరయ్య అన్నకి ఏమైనా ఇబ్బంది ఉందా?”

“నాకే ఇబ్బందీ లేదు” అన్నాడు కోరయ్య.

“అదే నేనూ అనేది. నడవడానికి ఇబ్బంది లేదు, మేతకి ఇబ్బంది లేదు, కనుమకి ఇబ్బంది లేదు. అలాంటివాళ్లు అడవి నిండా ఉన్నారు. ఆ బండ మీద ఈయన్నే ఎందుకు కూర్చోబెట్టినట్టు?”

తాత మెడ చాచాడు. “అడిగింది సబబుగానే ఉంది. కోరయ్యా, నీకు ఇబ్బంది లేకపోతే నువ్వు లేవాలి. నిన్ను ఇక్కడ కూర్చోబెట్టడమే చెల్లదు. నువ్వు చెప్పిన తీర్పులూ చెల్లవు. ఉందా, లేదా? ఒక్క మాట చెప్పు.”

కోరయ్య ఇరుకున పడ్డాడు. లేదంటే బండ దిగాలి. ఉందంటే, ఇన్నేళ్లూ చెల్లెలి ముందు కూడా ఒప్పుకోనిది ఈ గుంపు ముందు ఒప్పుకోవాలి. వంకర కాలిని రెండో కాలి వెనక్కి జరుపుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

ఆ మౌనం ఇంకాస్త సాగి ఉంటే ఏమయ్యేదో గానీ, గుంటయ్య ఓపిక పట్టలేకపోయాడు. ఏరికోరి తెచ్చుకున్న సభ్యుడు చేజారిపోతున్నాడు.

“ఇదేం మాట తాతా? కాలు వంకర కళ్లముందు కనిపిస్తూనే ఉందిగా. పౌరుషం కొద్దీ లేదంటాడు గానీ, అతను పడే పాట్లు నాకు తెలుసు. కనుమలో జారుడు బండ వస్తే మోకాళ్ల మీద పాకుతాడు. మలుపు దగ్గర ఎన్నిసార్లు కాలు జారి అంచుదాకా పోయాడో. నా కళ్లతో చూశాను.”

“అయినా నడుస్తున్నాడు కదా. ఇక్కడికీ నడిచే వచ్చాడు” అన్నాడు తాత నెమ్మదిగా.

“నడిచినంత మాత్రాన కాలు బాగున్నట్టా?”

అన్నాక గానీ ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని గుంటయ్యకి తెలియలేదు. చెట్టు కింద ఉన్నవాళ్లంతా అతని వైపే చూస్తున్నారు. ముళ్లపంది ఒక్కటే చిన్నగా నవ్వింది.

“కాదు. బాగున్నట్టు కాదు” అన్నాడు తాత. “ఈ మాట కుందేలుకీ వర్తిస్తుంది, ముళ్లపందికీ వర్తిస్తుంది, చుక్కమ్మకీ వర్తిస్తుంది. నువ్వే చెప్పావు కాబట్టి నేను వేరే చెప్పనక్కర్లేదు.”

కోరయ్య మనసు అక్కడ లేదు. మలుపు దగ్గరే ఆగిపోయింది. తను దాటే వేళకి కనుమలో ఎవరూ ఉండరు. ఎవరూ చూడకూడదనే ఆ వేళకి పోయేది.

“గుంటయ్యా, నేను జారినప్పుడు నువ్వెక్కడున్నావు?”

“పైన, బండ మీద.”

“నీ కాపలా ఊటబయలు దగ్గర కదా. ఆ మలుపులో నీకేం పని?”

“ఊరికే… పోతూ పోతూ చూశాను.”

“ఎన్నోసార్లు చూశానన్నావు. ఒక్కసారైనా దిగి రాలేదు. జాగ్రత్త అని ఒక కేకైనా వెయ్యలేదు.” కోరయ్య తల ఎత్తి అతని కళ్లలోకి చూశాడు. “మనుబోతు జారిన రోజు కూడా ఆ బండ మీదే ఉన్నావా?”

గుంటయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. వేసవిలో నక్క ఏం తిని బతుకుతుందో ఎవరూ అంతకుముందు ఆలోచించలేదు. ఇప్పుడు అందరూ ఒక్కసారే ఆలోచించారు. ఎలుగు వైద్యుడు కూడా నిద్ర మానేసి కళ్లు తెరిచాడు.

కోరయ్య బండ దిగాడు. నలుగురూ చూస్తుండగా వంకర కాలిని ముందుకు పెట్టాడు.

“ఉంది తాతా, ఇబ్బంది ఉంది. దిగేటప్పుడు మోకాళ్లు నిలవవని మనుబోతు చెప్పాడు. నాకూ నిలవవు. వానాకాలంలో నేల తవ్వలేను. మా చెల్లెలు తెచ్చి పెడితే తింటాను. ఇవన్నీ తెలిసే వాళ్లందర్నీ కాదన్నాను. నేను అడగలేదు కాబట్టి ఎవరూ అడగకూడదనుకున్నాను. నా తీర్పులన్నీ కొట్టేసి మళ్లీ వినండి.”

గుంపు వెనక నిలబడ్డ గరికమ్మ తల తిప్పుకుంది.

తాత అంతా పెద్దదున్నకి చెప్పాడు. పెద్దదున్న ఎక్కువ ప్రశ్నలు వెయ్యలేదు. గుంటయ్యని ఊటబయలు కాపలా నుంచి తీసేసి, కనుమ ఛాయలకి కూడా రావద్దన్నాడు. ఆ మలుపులో కనిపిస్తే కొమ్ములతో మాట్లాడతానన్నాడు. గుంటయ్య దాన్ని సరదా మాట అనుకోలేదు. ఆ పూటే అడవి వదిలి పోయాడు.

కాదన్నవాళ్లందరి గోడూ మళ్లీ విన్నారు. కుందేలుకీ ముళ్లపందికీ చుక్కమ్మకీ ఊటబయలు దక్కింది. మనుబోతుకి మాత్రం చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. కోరయ్య మూడో బండ వదిలేశాడు. ఊటబయలు తనకీ కావాలని అడగబోతున్నానని, అడిగేవాడు తీర్పు చెప్పే చోట ఉండకూడదని అన్నాడు. ఆ చోట చుక్కమ్మని కూర్చోబెట్టారు. ఆమె కోరయ్యని అడిగింది ఒక్కటే ప్రశ్న: “ఏ పని నీకు కష్టం?” అతను చెప్పడం మొదలుపెట్టి చాలాసేపు చెప్పాడు. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు.

తన బాధని ఒప్పుకోనివాణ్ణి తీర్పు చెప్పే చోట కూర్చోబెడితే, వాడు ఎదుటివాడి బాధనీ ఒప్పుకోడు.